బోణీ బేరం

పాఠ్యభాగ నేపథ్యం

దేశాంతరం వెళ్ళినవారు అక్కడి కట్టడాలను చూసి, జ్ఞాపకార్థం ఏదో ఒక వస్తువును కొని తెచ్చుకోవడం పరిపాటి. ఆ వస్తువును ఎవరు తయారుచేశారు, అది నిజంగా ఆ దేశానిదేనా, దానికి మనం ఇచ్చిన ధరలో తయారుచేసిన వారికి చేరింది ఎంత అని విచారించేవారు అరుదు. యాత్రా వ్యాస ప్రక్రియకు చెందిన ఈ పాఠంలో రచయిత తుర్కియే దేశంలోని ఇస్తాంబుల్ నగరపు ప్రాచీన విపణిని, అక్కడి బేరసారాల సంప్రదాయాన్ని, తాను పొందిన అనుభవాన్ని వివరించారు.

పాఠం

సూర్యోదయం కాగానే అంగడి తలుపులు తెరిచి, గడప ముందు నీళ్ళు చల్లి, దేవుని పటానికి దీపం వెలిగించి మొదటి కొనుగోలుదారు కోసం ఎదురుచూసే వర్తకుణ్ణి మీరందరూ చూసే ఉంటారు. ఆ మొదటి బేరాన్ని మనం బోణీ అంటాం. బోణీ సొమ్మును వర్తకుడు నేరుగా గల్లాపెట్టెలో వేయడు, ఒకసారి కళ్ళకద్దుకొంటాడు. "బోణీ బేరం సారూ, కాదని వెళ్ళకండి" అని బతిమాలి, తన లాభంలో కొంత తగ్గించుకొని అయినా వస్తువును చేతిలో పెడతాడు. ఈ ఆచారం మన ఊళ్ళకే ప్రత్యేకమని నేను చాలాకాలం అనుకొన్నాను. ఇస్తాంబుల్ నగరంలో ఒక ఉదయం నా చేతి నోటును అందుకొన్న వృద్ధ వర్తకుడు దానిని నుదుటికి తాకించుకొన్నప్పుడు గానీ ఆ అభిప్రాయం తొలగిపోలేదు. వారు దానిని 'సిఫ్తా' అంటారు. 'తెరవడం' అనే అర్థం గల అరబ్బీ పదం నుండి వచ్చిన మాట అది. ఆ ఉదయం సంగతి చివర చెబుతాను. దానికంటే ముందు జరిగిన ఒక సాయంకాలపు సంగతి చెప్పుకోవలసి ఉన్నది. అది నాకు అంత గౌరవాన్ని తెచ్చిపెట్టే సంగతి కాదు.

ఇస్తాంబుల్ నగరంలోని ఆ విపణి పేరు 'కపాలి చార్షి'. మన చెవికి పరమశివుని నామంలాగా వినిపించినా, తుర్కీ భాషలో 'కపాలి' అంటే కప్పి ఉన్నది, మూసి ఉన్నది అని అర్థం. 'చార్షి' అంటే బజారు. ఇది నాలుగు దిక్కులు, నాలుగు దారులు అనే అర్థం గల పారశీక పదం నుండి పుట్టింది. మన హైదరాబాదు చార్మినార్‌లోని 'చార్', ఈ చార్షిలోని 'చార్' ఒకే మూలానికి చెందినవి. ఎండకూ వానకూ వెరవకుండా పైకప్పు కింద సాగిపోయే వీధుల సముదాయమే ఈ బజారు. అరవైకి పైగా వీధులు, సుమారు నాలుగు వేల దుకాణాలు ఇందులో ఉన్నాయి. గుమ్మటాల కింది కిటికీల నుండి వాలే సూర్యకాంతి, గోడల నిండా వేలాడే దీపాల వెలుగు కలసి, లోపల పగలో రాత్రో తెలియని ఒక వింత కాంతి నిండి ఉంటుంది. ఆదివారం నాడు మాత్రం తలుపులు మూసివేస్తారు. ఆ సంగతి తెలియక ఆదివారమే వెళ్ళి నిరాశతో వెనుదిరిగే యాత్రికులు కొల్లలు. నేనూ మొదట వారిలో ఒకణ్ణే.

1453లో కాన్‌స్టాంటినోపుల్ నగరాన్ని జయించిన ఒట్టోమన్ సుల్తాను రెండవ మెహ్మద్, యుద్ధంతో చితికిపోయిన నగరానికి మళ్ళీ ప్రాణం పోయాలంటే మొదట వర్తకం సాగాలని గ్రహించాడు. 1455-56 చలికాలంలో రాతి గోడలతో, గుమ్మటాలతో ఒక వర్తకశాల నిర్మాణాన్ని ఆరంభింపజేశాడు. అది 1461 నాటికి పూర్తయింది. దాని మీద వచ్చే అద్దెలను హగియా సోఫియా మసీదు నిర్వహణకు కేటాయించాడు. ఈ శాలను 'బెదెస్తెన్' అన్నారు. బట్టల వర్తకుల చోటు అని దాని అర్థం. తరువాత కట్టిన రెండవ శాలకు 'సందల్ బెదెస్తెన్' అని పేరు వచ్చింది. బుర్సా పట్టణంలో నేసే గంధపు వన్నె బట్టను బట్టి ఆ పేరు పెట్టారని చెబుతారు. 'సందల్' అన్న మాటను వెనక్కు తవ్వుకొంటూ పోతే మన సంస్కృత 'చందనం' దగ్గరకే వచ్చి ఆగుతాం. ఈ రెండు శాలల చుట్టూ క్రమక్రమంగా వీధులు పెరిగి, వాటికి కప్పులు పడి, నేటి బజారు రూపొందింది. 1894లో సంభవించిన భూకంపంలో అది చాలా భాగం దెబ్బతిన్నది. 1954లో అగ్నిప్రమాదానికి గురైంది. రెండుసార్లూ తిరిగి నిలబడింది.

ఒక్కొక్క వీధి ఒక్కొక్క వృత్తి పేరు మోస్తూ ఉంటుంది. అయితే ఆ పేర్లను నమ్మి వెళితే మోసపోతాం. బొచ్చు టోపీలవారి వీధిలో నేడు బంగారు నగలు మెరుస్తూ ఉంటాయి. ఎర్రని ఫెజ్ టోపీలు చేసేవారి వీధి ఉన్నది. కానీ తుర్కియే గణతంత్ర ప్రభుత్వం 1925లో చట్టం చేసి ఆ టోపీని నిషేధించిన తరువాత ఆ వృత్తికే ఆధారం లేకుండా పోయింది.

భాష తెలియని చోటికి వెళుతున్నానన్న బెదురుతో అడుగుపెట్టిన నాకు, లోపలికి పోయిన కొద్దీ ఎవరో తెలిసినవారు పలకరించినట్లు కొన్ని మాటలు ఎదురయ్యాయి. దుకాణాన్ని వారు 'దుక్కాన్' అంటారు. జేబును 'జెప్' అంటారు. లెక్కను 'హెసాప్' అంటారు. తెలంగాణ పల్లెల్లో 'హిసాబు' వినని వారు ఎవరు? తూకపు త్రాసు వారికి 'తెరాజి', మనకు 'తరాజు'. అరబ్బీ, పారశీక భాషల నుండి ఈ పదాలు ఒకవైపు తుర్కీలోకి, మరొకవైపు ఉర్దూ ద్వారా తెలుగులోకి ప్రవేశించాయి. వర్తకులు నడిచిన దారులలోనే వారి మాటలూ నడిచాయి. బేరమాడడాన్ని వారు 'పజార్లిక్' అంటారు. బజారుతనం అని మాటకు మాట చెప్పుకోవచ్చు గానీ, మన భాషలో ఆ మాటకున్న చెడ్డ అర్థం అక్కడ లేదు. అది ఒక మర్యాద గల విద్య.

ఆ విద్యకు కొన్ని నియమాలున్నాయి. లోపలికి రాగానే ధర అడగడం మొరటుతనం. ముందు కుశల ప్రశ్నలు, ఆ తరువాత నడుము సన్నగిల్లిన చిన్న గాజు గ్లాసులో పాలు లేని తేనీరు. ఆ తేనీరు తాగినంత మాత్రాన కొనితీరాలన్న నిర్బంధం ఏమీ లేదు. అది అతిథి మర్యాద. వర్తకుడు ధర చెబుతాడు, మనం ఒకటి చెబుతాం. అతడు కొంత దిగుతాడు, మనం కొంత ఎక్కుతాం. అయితే మనం చెప్పిన ధరకు అతడు "సరే" అన్న తరువాత వెనుకకు పోవడం మాత్రం పెద్ద తప్పుగా భావిస్తారు. కొనే ఉద్దేశం లేనప్పుడు ధర పలకకూడదు. మన సుల్తాన్‌బజారులో, లాడ్‌బజారులో తిరిగినవారికి ఈ నియమం కొత్తదేమీ కాదు. బంగారు నగల వీధిలో బేరం మరొక తీరుగా ఉంటుంది. లోహానికి ఆ రోజు ధర అందరికీ తెలిసినదే కాబట్టి తూకం మీద వాదన ఉండదు. వాదనంతా మజూరీ మీదనే.

ఒకే వస్తువుకు అందరికీ ఒకే ధర ఉండాలన్న ఊహ మనం అనుకొన్నంత పాతది కాదు. ఇంగ్లాండులో 17వ శతాబ్దంలో క్వేకర్ మతస్థులు, అబద్ధమాడడం పాపం కనుక మొదటే అసలు ధర చెప్పాలని నియమం పెట్టుకొన్నారు. పారిస్ నగరంలో 1852లో 'బాన్ మార్షే' దుకాణంలో భాగస్వామిగా చేరిన బూసికో, వస్తువుల మీద ధర చీటీలు అంటించి అమ్మడంతో ఆ పద్ధతి పెద్ద దుకాణాలకు వ్యాపించింది. ఒట్టోమన్ రాజ్యంలో రొట్టె, మాంసం వంటి నిత్యావసరాలకు ప్రభుత్వమే ధర నిర్ణయించేది. ఆకలి దగ్గర బేరం ఉండకూడదని పాలకులు తలచారు. తక్కిన సరుకుల మీద బేరం సాగేది.

అమెరికాకు చెందిన మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ మొరాకో దేశంలోని సెఫ్రూ పట్టణపు బజారును పరిశీలించి 1978లో ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రకటించాడు. బజారులో అన్నింటికంటే కొరతగా ఉండేది సరుకు కాదు, సమాచారం అని ఆయన అభిప్రాయం. వస్తువు నాణ్యత ఎంత, న్యాయమైన ధర ఎంత, ఎవరిని నమ్మవచ్చు అన్న సంగతులు వర్తకునికి తెలుసు, కొనేవానికి తెలియవు. పది దుకాణాలు తిరిగి ధరలు అడగడం ఒక రకం వెతుకులాట. ఒకే దుకాణంలో కూర్చుండి ఒకే వస్తువు గురించి లోతుగా అడగడం మరొక రకం. రకరకాల వస్తువులు, ఒకదానితో ఒకటి పోలని వస్తువులు ఉన్నచోట ఈ రెండవదే ఎక్కువ ప్రయోజనకరమని ఆయన చూపాడు. ఈ వ్యాసాన్ని నేను ఇస్తాంబుల్ వెళ్ళకముందే చదివి ఉంటే బాగుండేది. వెళ్ళివచ్చిన తరువాత చదివాను.

2009లో ఒక విద్యా సదస్సు కోసం వెళ్ళినప్పుడు, తిరుగు ప్రయాణానికి ముందురోజు సాయంకాలం ఆ బజారులో రెండు గంటలు తిరిగాను. ఒక దుకాణంలో రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు గల చిన్న తివాచీ నా కంటబడింది. నెమలి కంఠపు రంగు నేల మీద ఎర్రని పూలు. పక్కకు ఒరిగి చూస్తే ఒక వన్నె, ఎదురుగా చూస్తే మరొక వన్నె. "అసలైన పట్టు, మూడు వందల డాలర్లు" అన్నాడు దుకాణదారు. నేను ఎనభై అన్నాను. అతడు నవ్వాడు. లేచి గుమ్మం దాకా నడిచాను. వెనక్కు పిలిచాడు. మరొక గ్లాసు తేనీరు వచ్చింది. నలభై నిమిషాల తరువాత నూరు డాలర్లకు బేరం తెగింది. ఆనాటి లెక్కలో అది అయిదు వేల రూపాయలకు కొంచెం తక్కువ. మూడోవంతు ధరకు కొన్నానన్న గర్వంతో ఆ రాత్రి నాకు నిద్ర కూడా సరిగా పట్టలేదు.

మా పెద్దనాయన ధర్మవరంలో నలభై ఏళ్ళు పట్టుచీరలు నేసినవాడు. సెలవులకు వెళ్ళినప్పుడు తివాచీని ఆయన ముందు పరిచాను. ఆయన దానిని చూడలేదు; తడిమాడు. తరువాత తిరగవేసి వెనుకవైపు కళ్ళకు దగ్గరగా పెట్టుకొన్నాడు.

"ఎంత పెడితివిరా దీనికి?"

"మూడు వందల డాలర్లన్నాడు పెద్దనాయనా. నూటికి దించినాను."

"దించితివి, సరే. ఇదేమని అడిగితివా?"

"పట్టని చెప్పినాడు."

"వాడు చెప్పినాడు. నువ్వు చూస్తివా?"

అంచు కుచ్చు నుండి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించాడు. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన రావాలి, మంట తీయగానే ఆరిపోవాలి, మిగిలిన నల్లని పూస వేళ్ళ మధ్య పొడి కావాలి. ఆ పోగు కాగితంలా భగ్గున కాలి, బూడిదగా రాలిపోయింది. అంతటితో వదలక పైనున్న పూల రేకులోంచి సూదితో ఒక పోగు తీసి దాన్నీ కాల్చాడు. అదీ అంతే. మెరుగు పెట్టిన నూలు.

మోసపోయానని నేను తల పట్టుకొని కూర్చున్నాను. పెద్దనాయన మాత్రం తివాచీని వదలలేదు. బొటనవేలి గోరుతో వెనుకవైపు ముడులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "పేరు అబద్ధం గానీ పని అబద్ధం కాదు. ఇది మరమగ్గం కాదు, చేత్తో వేసిన ముడి" అన్నాడు. ఆయన లెక్కను నేను కాగితం మీద పెట్టాను. సెంటీమీటరుకు అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు. అంటే చదరపు సెంటీమీటరుకు ముప్పయ్యారు ముడులు. మొత్తం తివాచీకి లక్షా తొంభై వేలకు పైమాట. రోజుకు ఆరు వేల ముడులు వేయగల నేర్పరి కూర్చున్నా నెలరోజుల పైన పడుతుంది. ఆ నూరు డాలర్లలో నుండి దుకాణపు అద్దె, దుకాణదారు లాభం, మధ్యవర్తుల వాటా, నూలు ఖర్చు, రంగు ఖర్చు తీసివేస్తే నెలరోజులు మగ్గం ముందు కూర్చున్న మనిషికి ఏం మిగిలి ఉంటుంది?

"ఆయమ్మెవరో నీ కంటే ఎక్కువ మోసపోయిందిరా" అన్నాడు పెద్దనాయన.

తుర్కియేలో తివాచీలు నేసేవారిలో అత్యధికులు స్త్రీలన్న సంగతి ఆయనకు తెలియదు. ఎందుకో 'ఆయమ్మ' అనే అన్నాడు. నూలును నూలుగా చెప్పి, చేతిపనిని చేతిపనిగా చెప్పి న్యాయమైన ధరకు అమ్మి ఉంటే నాకు నష్టం లేదు, ఆమెకూ నష్టం ఉండేది కాదు. అబద్ధపు పేరు పెట్టి ధరను ఆకాశానికి ఎత్తడం, వచ్చినవాడు దానిని నేలకు దించడం, ఈ రెండింటి మధ్య ఆమె పని విలువ ఎవరి లెక్కలోకీ రాలేదు. నేను గెలిచాననుకొన్న నలభై నిమిషాల బేరంలో ఆ తివాచీ గురించి నేను అడిగిన ప్రశ్న ఒక్కటి కూడా లేదు. అడిగినదంతా ధర గురించే.

అప్పటి నుండి తివాచీల గురించి కొంత తెలుసుకొన్నాను. తుర్కీ నేతలో ప్రతి ముడీ రెండు పడుగు పోగులను సమంగా చుట్టుకొని ఉంటుంది. గోర్దెస్ పట్టణం పేరిట దీనిని గోర్దెస్ ముడి అంటారు. పారశీక ముడి ఒక పోగును మాత్రమే పూర్తిగా చుట్టుతుంది. చేతినేత తివాచీకి వెనుకవైపు కూడా బొమ్మ దాదాపు అంతే స్పష్టంగా కనిపిస్తుంది, ముడులలో స్వల్పమైన హెచ్చుతగ్గులుంటాయి. అంచు కుచ్చులు పడుగు పోగుల కొనసాగింపే అయి ఉంటాయి. యంత్రంతో చేసినదానికి కుచ్చును తరువాత కుట్టి అతికిస్తారు. 1843లో సుల్తానుల నేతశాల వెలసిన హెరెకె పట్టణం పట్టు తివాచీలకు పేరు పొందింది. మేలైన హెరెకె పట్టు తివాచీలో చదరపు సెంటీమీటరుకు నూరు ముడులు లేదా అంతకు మించి ఉంటాయి. అంటే చదరపు మీటరుకు కనీసం పది లక్షలు. అటువంటిది నూరు డాలర్లకు దొరికిందంటే సంతోషించడానికి బదులు సందేహించాలి.

రంగుల కథ మరొకటి. మంజిష్ఠ జాతి మొక్క వేరు నుండి తీసిన ఎరుపు శతాబ్దాల పాటు అనటోలియా తివాచీలకు అందం తెచ్చింది. ఆ వేరులోని అలిజరిన్ అనే వర్ణద్రవ్యాన్ని 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారుచేయడంతో చెట్టురంగుల కాలం వేగంగా ముగిసింది. మన కృష్ణా తీరపు కలంకారీ అద్దకంలో ఎరుపునిచ్చే చిరివేరులో ఉన్నది కూడా ఈ అలిజరినే. అక్కడి తివాచీ ఎరుపూ, ఇక్కడి పెడన దుప్పటి ఎరుపూ అక్కచెల్లెళ్ళన్నమాట. 1981లో తుర్కియే వాయవ్య ప్రాంతంలోని అయ్వజిక్ పరిసర గ్రామాలలో ఒక ప్రయత్నం మొదలైంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ బోమర్ పాత తివాచీల రంగులను పరీక్షించి, ఏ మొక్క నుండి ఏ రంగు వస్తుందో మళ్ళీ పల్లెవారికి తెలియజేశాడు. ఇస్తాంబుల్‌లోని మర్మరా విశ్వవిద్యాలయం సహకారం అందించింది. 'దోబాగ్' అనే ఆ పథకం కింద గ్రామీణ స్త్రీలు సహకార సంఘంగా ఏర్పడి, మరచిపోయిన రంగులతో తమ సొంత నమూనాలనే నేశారు.

బజారులో ప్రతి వస్తువూ ఇంతటి విచారణకు తగినది కాదు. నీలి గాజుపూసలో తెల్లని కన్ను గీసినట్లుండే దిష్టిపూసలు అక్కడ ప్రతి గుమ్మానికీ వేలాడతాయి. ఇజ్మీర్ నగర సమీపంలోని నజర్‌కోయ్ అనే పల్లెలో కొలిమి ముందు కూర్చుండి కరిగిన గాజును ఇనుప కడ్డీలకు చుట్టి వీటిని తయారుచేస్తారు. 'నజర్' అంటే మనకు తెలిసిన నజరే, 'కోయ్' అంటే ఊరు, దిష్టి ఊరు. చేతితో చేసిన పూసలు రెండు ఒకే తీరుగా ఉండవు. గంపలో పోసిన నూరు పూసలూ అచ్చుగుద్దినట్లుంటే అవి ఏ దేశపు కర్మాగారం నుండి వచ్చాయో ఊహించుకోవలసిందే.

17వ శతాబ్దంలో యెని జామి అనే మసీదు నిర్వహణ కోసం కట్టిన సుగంధద్రవ్యాల బజారు కూడా ఆ నగరంలోనే ఉన్నది. అక్కడ 'తుర్కీ కుంకుమపువ్వు' అని చవకగా అమ్మేదానిని చూసి యాత్రికులు ఎగబడతారు. రాయలసీమ, తెలంగాణ రైతుబిడ్డలు మాత్రం దానిని చూడగానే గుర్తుపడతారు. అది మన కుసుమ పువ్వు రేకు! అసలు కుంకుమపువ్వు పోగు ముదురు ఎరుపులో ఉండి, ఒక చివర చిన్న బాకాలాగా విచ్చుకొని ఉంటుంది. కుసుమ రేకు నారింజ పసుపులో పీచులాగా ఉంటుంది. ఆ పక్కనే పోసి ఉన్న పసుపును వారు 'హిందూ దేశపు కుంకుమపువ్వు' అని కూడా వ్యవహరిస్తారు. దానిని జ్ఞాపికగా కొని తెచ్చుకొన్న మనవాళ్ళు కూడా లేకపోలేదు.

చట్టాల విషయం క్లుప్తంగా చెబుతాను. ఎంత చవకగా దొరికినా పురావస్తువును తాకరాదు. 1983 నాటి తుర్కియే చట్టం పురావస్తువులను దేశం దాటించడాన్ని నేరంగా పరిగణిస్తుంది. పాతగా కనిపించే తివాచీకి కూడా అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం ఉండడం మేలు. నూరేళ్ళు దాటిన కళాఖండాల విషయంలో 1972 నాటి మన దేశపు చట్టం కూడా ఇటువంటి కట్టుబాటునే విధించింది. కొన్న ప్రతి వస్తువుకూ రసీదు తీసుకోవాలి, అందులో వస్తువు పేరు, ముడిసరుకు స్పష్టంగా రాయించాలి. "పట్టు" అని నోటితో చెప్పినవాడు కాగితం మీద రాయడానికి వెనుకాడితే అదే సమాధానం.

2014లో నేను మళ్ళీ ఇస్తాంబుల్ వెళ్ళాను. ఈసారి ఉదయమే బజారు తలుపులు తెరుస్తుండగా లోపలికి నడిచాను. ఒక ఇరుకు వీధి మలుపులో చిన్న దుకాణం ముందు ఒక ముసలాయన 'కిలిమ్' గలీబులను వరుసగా పేరుస్తున్నాడు. కిలిమ్ అంటే ముడులు లేని బల్లపరుపు నేత. మన వరంగల్ జంపఖానా లాంటిది. ధర అడగలేదు. ఒక గలీబును తిరగవేసి చూసి, ఇది ఉన్నా, నూలా అని అడిగాను. పడుగూ పేకా ఉన్నే అన్నాడు. రంగు చెట్టుదా అన్నాను.

"ఎరుపు వేరు రంగు. నీలం మాత్రం సీసాలోనిది" అన్నాడు, కొంచెం సిగ్గుపడుతున్నట్లుగా.

ఆ ఒక్క మాటతో అతని మీద నాకు నమ్మకం కుదిరింది. ఎవరు నేశారని అడిగాను. తన మరదలి ఊరివాళ్ళు అన్నాడు. ఒక గలీబు నేయడానికి ఎన్నాళ్ళు పడుతుందో, పాత కిలిమ్ చింపి కుట్టిన గలీబుకూ దీనికీ తేడా ఏమిటో అరగంట సేపు చూపించాడు. నేను ఉపాధ్యాయుణ్ణని తెలిసిన తరువాత నన్ను 'హోజమ్' అని పిలవసాగాడు. 'మా గురువుగారు' అన్నమాట. నలభై అయిదు డాలర్లు చెప్పాడు. నేను నలభై అన్నాను. నా ముఖంలోకి చూసి, "సిఫ్తా" అని తల ఊపాడు.

నోట్లను అందుకొని నుదుటికి తాకించుకొన్నాడు. నా చేయి నాకు తెలియకుండానే కళ్ళ దగ్గరకు వెళ్ళింది. అది చూసి అతడు ఆశ్చర్యంగా, "మీ దగ్గర కూడానా?" అన్నాడు. ఉన్నదన్నాను. బోణీ అన్న మాటను రెండుసార్లు పలికి చూసుకొన్నాడు.

మా అక్కయ్య కోసం అటువంటిదే మరొకటి ఇమ్మని అడిగాను. వరుసలో ఇంకా చాలా గలీబులున్నాయి. అయినా అతడు కదలలేదు. ఎదురు దుకాణం గుమ్మంలో చేతులు కట్టుకొని నిలుచున్న మరొక వర్తకుణ్ణి చూపించి, గొంతు తగ్గించి అన్నాడు:

"నాకు అయింది, హోజమ్. అతనికి ఇంకా బోణీ కాలేదు."

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రచయిత కొన్న తివాచీని పెద్దనాయన పరీక్షించిన విధానాన్ని, ఆ సందర్భంలో తేలిన సంగతులను వివరించండి.
2. "ఆయమ్మెవరో నీ కంటే ఎక్కువ మోసపోయిందిరా" అన్న మాటతో మీరు ఏకీభవిస్తారా? మీ ప్రాంతపు చేనేత లేదా హస్తకళా వస్తువు ఒకదానిని ఉదాహరణగా తీసుకొని చర్చించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. కపాలి చార్షి ఏర్పడిన క్రమాన్ని తెలపండి.
2. బజారును గురించి క్లిఫర్డ్ గీర్ట్జ్ అభిప్రాయం ఏమిటి?
3. అసలు కుంకుమపువ్వుకూ కుసుమ రేకుకూ గల భేదం ఏమిటి?
4. దోబాగ్ పథకం వలన గ్రామీణ స్త్రీలు ఏమి చేయగలిగారు?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'సిఫ్తా' అంటే ఏమిటి?
2. గోర్దెస్ ముడి పడుగు పోగులను ఎలా చుట్టుకొని ఉంటుంది?
3. చిరివేరులోని వర్ణద్రవ్యం ఏది?

IV. సందర్భ సహిత వ్యాఖ్యలు
1. "వాడు చెప్పినాడు. నువ్వు చూస్తివా?"
2. "ఎరుపు వేరు రంగు. నీలం మాత్రం సీసాలోనిది."

V. విడదీసి సంధి పేరు తెలపండి
దేశాంతరం, సూర్యోదయం, ప్రత్యేకం, బేరమాడడం

VI. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి
నాలుగు దిక్కులు, సూర్యకాంతి, అక్కచెల్లెళ్ళు